అమావాస్య నాడు ఆడిన మగ్గం

దుర్గాసాయి బతికిన ఆఖరి రోజున, ఎండ సరిగ్గా నెత్తిన నిలబడ్డ వేళ, ఉప్పాడ నేతవీధిలో ఒక్క చప్పుడు లేదు.

అమావాస్య మరి. ఆ రోజు అక్కడ ఎవరూ మగ్గం ఎక్కరు. తాతల నాటి కట్టు అది. జ్వరం వచ్చినా పని మానని నేతగాళ్ళు కూడా అమావాస్య వస్తే మగ్గానికి దణ్ణం పెట్టి అరుగు మీదకి వచ్చి కూర్చుంటారు. కాళ్ళు గుంటలో పెట్టి తొక్కే గుంట మగ్గాలు ఇరవై ఆరు, ఇరవై ఆరూ మౌనంగా ఉంటాయి. ఆ వీధి చివర ఇక సముద్రమే. ఒకప్పుడు ఇంకో రెండు వీధులూ ఒక బడీ దాటితే గానీ ఇసుక కనిపించేది కాదట. అవన్నీ ఒక్కొక్కటే నీళ్ళలోకి వెళ్ళిపోయాయి.

దుర్గాసాయికి ఇరవై నాలుగేళ్ళు. అప్లైడ్ జియోఫిజిక్స్‌లో ఎం.టెక్ చదువుతున్నాడు. సముద్రం కోసుకుపోతున్న ఒడ్డున నేల ఎంత గట్టిగా ఉందో తేల్చడం అతని ప్రాజెక్టు. అందుకోసం వీధి పొడవునా జియోఫోన్లు గుచ్చాడు. గుప్పెడంత డబ్బా, దాని కింద ఒక మేకు. భూమి ఏమాత్రం కదిలినా లాప్‌టాప్ మీద గీతై పడుతుంది. మామూలు రోజుల్లో మగ్గాల ధమధమలో ఏమీ వినపడదు గనక, అమావాస్య కోసం కాచుక్కూర్చున్నాడు.

ఆ రోజు ఆ గీత పంటకాలవలో నిలిచిన నీళ్ళలా పడుకుని ఉండాలి. పడుకోలేదు. ధడ్... ధడ్... ధడ్... అని సమంగా, ఆగకుండా లేస్తోంది. చివరింట్లోంచి.

చివరిల్లు వెంకటదుర్గది. ఇరవై ఏళ్ళ కిందట ఒక తుఫాను రోజున ఆమెని సముద్రం తీసుకుపోయింది. అప్పట్నించీ మూసి ఉన్న ఇంటిని మూణ్ణెల్ల కిందటే ఎవరో చీరల డిజైన్ స్టూడియో వాళ్ళు అద్దెకి తీసుకున్నారు. ఆ చప్పుడు వీధిలో వాళ్ళకీ సన్నగా వినిపించింది. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు.

"వెంకటదుర్గ నేత్తంది" అన్నారు.

దుర్గాసాయి నవ్వుకుని, యూనివర్సిటీలో తన సీనియర్ సత్యవాణికి ఆ ఫైలు పంపి, కింద ఒక మాట టైప్ చేశాడు. 'అక్కా, దయ్యానికి బరువుండదు కదా. దీనికి ఉందక్కా.'

తర్వాత లేచి వెళ్ళి చివరింటి తలుపు తట్టాడు. తలుపు తెరుచుకుంది.

మర్నాడు అలల తాకిడికి అడ్డంగా పోసిన బండరాళ్ళ మధ్య అతని శవం దొరికింది. సెల్ఫీ తీసుకుంటూ జారాడని కాగితాల మీద రాసుకున్నారు. రోజూ అతని భుజాన ఉండే రికార్డర్ డబ్బా మాత్రం ఎవరికీ దొరకలేదు.

*

రాజమహేంద్రవరంలో పేపర్ మిల్లు దారిన ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉంది. అక్కడ లారీలు ఆగవు, సరుకు దిగదు. మేడ మీద గదిలో చంద్రరావు గారు ఫైలు ముందుకి తోశారు.

"పులసా, కూర్చో."

పులస అంటే గంగాధర్. ఏటికి ఎదురీదే చేప పేరు అతనికి పెట్టింది చంద్రరావు గారే. గంగాధర్ కూర్చోలేదు. ఫైలు మీద ఊరి పేరు చదివేశాడు.

"ఇది తప్ప ఇంకెక్కడికైనా పంపండి సార్."

"అక్కడ పుట్టినవాడివి నువ్వొక్కడివే ఉన్నావు. విను. విదేశీ ముఠా. మనుషులు ముగ్గురో నలుగురో. మొన్న వాళ్ళ మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. 'అమావాస్య. పదకొండున్నర. చీర కోస్తాం.' అంతే."

"ఎల్లుండే అమావాస్య."

"సముద్రం అడుగునుంచి వచ్చే గ్యాస్ లైను ఒడ్డుకెక్కే చోటు తెలుసా? ఆ చివరింటికి అరవై మీటర్లు. అది పగిలిందంటే నేతవీధి దూదిలా అంటుకుంటుంది. రెండొందల మంది. అదే రోజు అదే టైముకి యూనివర్సిటీ పిల్లలు అక్కడ బరువు పడేసి టెస్టు చేస్తున్నారు. ఇనప దిమ్మ, రెండొందల కిలోలు. పర్మిషన్ కాగితం మీద పదకొండున్నర అనే ఉంది."

"నింద పిల్లల మీదకి పోతుంది."

"మన పిల్లల చదువే మన కొంపకి నిప్పు పెట్టిందని లోకమంతా అనుకుంటుంది. ఇక ఆ ఒడ్డున ఎవడూ ఏ పరిశోధనా చేయడు. ముఠా లోపల మన మనిషి ఒకత్తి ఉంది. కోడ్ నేమ్ నెమలి. అసలు పేరు హారతి. ఆ స్టూడియో నడిపేది తనే. ఇటు మనకీ చెబుతుంది, అటు వాళ్ళకీ చెబుతుంది. ఎవరికి నిజం చెబుతుందో నువ్వే తేల్చుకో."

గంగాధర్ ఫైలు తీసుకున్నాడు. అతని చెవిలో మాత్రం అప్పుడే ఒక పాత గొంతు పలికింది. 'గంగా, ఈ పడుగొక్కటి పట్టుకోరా, తడిసిపోతాది.' ఆ తుఫాను రోజున వెంకటదుర్గ గుమ్మంలో నిలబడి పిలిచిన పిలుపు అది. అప్పుడతనికి ఇరవై ఏళ్ళు. "ఒక్క నిమిషం పిన్నీ" అని పడవ లాగడానికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి గుమ్మం ఉంది, పిన్ని లేదు. ఆ వారమే ఊరు వదిలేశాడు.

*

మర్నాడు యూనివర్సిటీ జీపులోంచి రమేష్ బాబు అనే ల్యాబ్ టెక్నీషియన్ దిగాడు. గుబురు మీసం, లావు కళ్ళద్దాలు, భుజాన కేబుల్ చుట్ట. జేబులో ఆఫీసు వాళ్ళిచ్చిన పెన్ కెమెరా ఉంది గానీ ఉప్పుగాలికి అది గంటకే చచ్చిపోయింది. పక్కన సత్యవాణి. బక్కపల్చటి పిల్ల, సీస్మాలజీలో పీహెచ్‌డీ. తమ్ముడిలాంటివాడు పోయాక సరిగ్గా నిద్రపోలేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. తను అసలెవరో ఆమె ఒక్కత్తికే చెప్పాడు.

వీధి మొదట్లో చేపల గంప దించుకుని కూర్చున్న అచ్చాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏంట్రా గంగా, ఇరవై ఏళ్ళకి గుర్తొచ్చిందా అత్త?"

గంగాధర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నేను రమేష్ బాబునండి..."

"నీ మొకం. మీసం అతికిత్తే నడక మారుద్దేంట్రా? మీ నాన్నా అంతే, ఎడం కాలు ఇసకలో ఈడ్చేవోడు."

"అత్తా, నెమ్మదిగా. నీకు పుణ్యముంటుంది."

"ఏం, పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్నావా?"

"పోలీసులమే అత్తా. కొంచెం అటూ ఇటూ."

"ఆఁ, అటే అయ్యుంటావులే" అని గంప ఎత్తుకుంది అచ్చాయమ్మ. కానీ ఇంటికి తీసుకెళ్ళి, తలుపు వేసి, కళ్ళు తుడుచుకుంది. తర్వాత చేపల పులుసు కలిపి పెడుతూ గొంతు తగ్గించి చెప్పింది. "చివరింటేపు పోకురా. అమావాస్యకమావాస్యకి వెంకటదుర్గ నేత్తంది. నా చెవుల్తో విన్నాను. మూడుసార్లు."

"పోయి ఇరవై ఏళ్ళయింది కదా. ఇప్పుడే ఎందుకు మొదలెట్టింది?"

"అది నిజమే సుమీ" అంది అచ్చాయమ్మ. "అయినా, దయ్యాన్ని ఆలస్యం ఏంటని అడుగుతామేంట్రా?"

గంగాధర్ నవ్వాలని చూశాడు. నవ్వు రాలేదు. పిన్నిదే అయితే ఆ చప్పుడు ఎవరి కోసమో అతనికి తెలుసు.

*

అమావాస్య పొద్దున పదింటికి హారతి సముద్రపు కట్ట మీద కలిసింది. నీటిరంగు జాందానీ చీర, నల్ల కళ్ళద్దాలు, గాలిని కూడా నిలబెట్టే అత్తరు. వల ఏరుకుంటున్న కుర్రాళ్ళు వల సంగతి మర్చిపోయారు.

"జరీకి ఉప్పు తగిలితే ఏం చేయాలండి?" అన్నాడు గంగాధర్.

"వాననీళ్ళలో జాడించాలి" అంది హారతి. కోడ్ సరిపోయింది. "పులస అంటే ముసలాయన వస్తాడనుకున్నాను. బాగున్నారే."

"విషయం."

"వాయిదా పడింది. సరుకు రాలేదు. వచ్చే నెలకి మార్చారు. మీ సార్‌కి చెప్పండి, హాయిగా రాజమండ్రి వెళ్ళిపోండి."

"పోయిన అమావాస్యకి మీ ఇంట్లో ఏదో చప్పుడు అన్నారే?"

హారతి నవ్వింది. చక్కటి నవ్వు. "ఓ, అదా! మా నేతగాడు. మహా పనిమంతుడు. పండగా, పబ్బం, అమావాస్యా ఏమీ చూడడు. రోజూ మగ్గం మీదే ఉంటాడు. ఊళ్ళో వాళ్ళు దయ్యం అనుకుంటున్నారు, పాపం."

"పాపం" అన్నాడు గంగాధర్ కూడా. మొహంలో రవ్వంత కూడా తేడా లేదు. అమావాస్య నాడు నేసే నేతగాడు! ఆ వీధిలో పుట్టిన పిల్లి కూడా ఆ మాట నమ్మదు. ఇన్ని చీరలు కొని, ఇన్ని వీధులు తిరిగి, ముఠాకి ఆ ఒక్క ముక్క చెప్పినవాడు లేడన్నమాట. ఇంట్లోంచి గ్యాస్ లైను దాకా తవ్వే చప్పుడుని మగ్గాల చప్పుడులో కలిపేశారు, బాగానే ఉంది. మగ్గాలు ఆగే రోజొకటి ఉందని వాళ్ళకి తెలియలేదు.

చంద్రరావు గారికి ఫోన్ చేశాడు. "నెమలి మనది కాదు సార్. పని ఈ రోజే."

"బాంబు స్క్వాడ్ కాకినాడ నుంచి బయల్దేరుతుంది. పన్నెండుకి పది నిమిషాలు తక్కువకి గానీ చేరదు."

"పదకొండున్నర సార్ వాళ్ళ టైము."

"తెలుసు" అన్నారాయన. ఫోన్ పెట్టేశారు.

*

వీధిలో సత్యవాణి మనుషులు మూడుకాళ్ళ స్టాండుకి ఇనప దిమ్మని పైకి లాగి వేలాడదీశారు. గంగాధర్ వచ్చి చెవిలో చెప్పగానే ఆమె చెయ్యెత్తింది. "దించకండి. తాడు కట్టేయండి. నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

అరుగుల మీద జనం సంబరంగా ఉన్నారు. చివరింట్లోంచి ఈ రోజు చప్పుడే లేదు. "వెంకటదుర్గ శాంతించిందిరా" అంది అచ్చాయమ్మ.

గంగాధర్‌కి మాత్రం ఆ మౌనం చెవుల్లో గుచ్చుకుంటోంది. "తవ్వకం అయిపోయింది. అందుకే ఆపారు."

సత్యవాణి లాప్‌టాప్ మీది తిన్నటి గీతని చూస్తోంది. "అదొక్కటే కాదండి. మేం నిశ్శబ్దం ఎందుకు కోరుకుంటామో తెలుసా?"

"ఎందుకు?"

"వినడానికి. వాళ్ళూ వింటున్నారు. మా దిమ్మ పడ్డ అదురుకే పేలేలా పెట్టుంటారు. రిమోట్ ఉండదు, సిగ్నల్ ఉండదు, ఎవరూ ఆపలేరు. మా చేత్తోనే."

"ఇప్పుడు దిమ్మ పడదు కదా."

"ఏ అదురైనా ఒకటే దానికి. వీధి ఖాళీ చేయిద్దామంటే రెండొందల మంది ఒక్కసారి పరిగెత్తినా ఆ అదురే చాలు."

గంగాధర్ చెప్పులు విప్పాడు. చెవిలో ఫోన్ ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు. చిన్నప్పుడు వెంకటదుర్గ ఇంటి దొడ్డిగుమ్మం గొళ్ళెం ఎలా తీయాలో అతని వేళ్ళకి ఇంకా గుర్తుంది. టైము పదకొండు దాటి పన్నెండు నిమిషాలు. స్టూడియో కారు లేదు. అందరూ వెళ్ళిపోయారు.

లోపల తడి గోడల వాసన. పిన్ని మగ్గం అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళనాటి పడుగు నల్లబడి, చివికి, ఇంకా దానికే వేలాడుతోంది. కాళ్ళ కింద తొక్కే చెక్కలకి ఒక మోటారు బిగించారు. తవ్వకం చప్పుడుని కప్పేస్తూ ధడ్ ధడ్ అని మగ్గంలా పలికింది అదే. గుంట పక్కన నేలలోకి ఒక కంత. లోపలికి లావుపాటి పైపు, పైపులోంచి సన్నటి వైరు. సముద్రం వైపు, గ్యాస్ లైను వైపు.

వైరు ఈ చివర, గుంట అడుగున, నేలలోకి గుచ్చి ఉంది ఒక పసుపు డబ్బా. చిన్న తెర మీద అంకె వెలుగుతోంది. 1.0. మూత మీద స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు ఉన్నాయి. 'ముట్టుకోవద్దండి. భూమి మాట్లాడుతోంది. ఇట్లు, దుర్గాసాయి.'

గంగాధర్ ఫోటో తీసి పంపాడు. అవతలనుంచి సత్యవాణి ఏడుపు గొంతు.

"సాయిదండి. వాడి డబ్బాతోనే..."

"అమ్మా, తర్వాత ఏడుద్దాం. ఎలా ఆపాలి?"

"కదిపితే పేలుతుంది. వైరు తెంపినా అంతే, వైరు పోతే సిగ్నల్ ఇస్తుంది అది. ఆ అంకె చెప్పండి."

"ఒకటి."

"అది రెండు చప్పుళ్ళని పోలుస్తుందండి. ఈ క్షణంలో వచ్చేది ఒకటి, కిందటి రెండు నిమిషాల్లో వచ్చింది ఒకటి. ఇప్పటిది దానికి ఎనిమిది రెట్లయితే చాలు. అంకె ఎనిమిది అవకూడదు. సాయి సెట్టింగే, వాళ్ళు మార్చలేదు."

అప్పుడే గంగాధర్ ఫోన్ వణికింది. హారతి మెసేజ్. 'దిమ్మని తాడుతో కట్టేశారంటే నువ్వు లోపలున్నావన్నమాట, పులసా. పోనీలే. దిమ్మ దించకపోతే బండరాళ్ళు దించుతాం. పరిగెత్తకు. అది వింటుంది.'

కిటికీ కంతలోంచి చూశాడు. కట్టకి బండరాళ్ళు పోసే లారీ ఒకటి బీచ్ రోడ్డు మీద ఊరి వైపు నుంచి నెమ్మదిగా వస్తోంది. దానికి ముందు, ఈ ఇంటిని దాటుకుంటూ, స్టూడియో కారు. ఆ రాళ్ళు ఈ గోడ పక్కన దిమ్మరిస్తే అంకె ఎనిమిది కాదు, ఎనభై అవుతుంది. పదకొండూ ఇరవై.

"సత్యవాణి గారూ, లారీ వస్తోంది. పది నిమిషాలు. ఎనిమిది రెట్లు కాకుండా చూడటం ఎలా?"

"చుట్టూ చప్పుడు ఉండాలండి. ముందునుంచీ ఉండాలి. నెమ్మదిగా పెరగాలి. అప్పుడు..."

మధ్యలో అచ్చాయమ్మ గొంతు దూరింది. ఇదంతా ఆమె పక్కనే నిలబడి వింటోంది మరి. "అంతే కదమ్మా. నిశ్శబ్దంగా ఉన్న కొంపలో చెంచా పడినా ఉలిక్కిపడతాం. పెళ్ళింట్లో గుండిగ పడినా ఎవడికీ వినపడదు. పెళ్ళి చేసేద్దాం దానికి. ఈ వీధిలో నేల అదిరేలా చప్పుడు చేసేయి ఏంటి? మగ్గాలే కదా!"

ఆ మాట గంగాధర్ కూడా అనుకున్నాడు. అనే ధైర్యం చాలలేదు.

*

ఆ తర్వాత జరిగిందంతా అతను చెవిలోనే విన్నాడు. చివికిన పడుగు పక్కన, గుంటలో కూర్చుని, డబ్బా మీదనుంచి చూపు తిప్పకుండా.

"అచ్చాయమ్మా, నోరు కడుక్కో." అది వీరబ్రహ్మం గొంతు. వీధిలో అందరికంటే పెద్ద నేతగాడు. "అమావాస్య నాడు మగ్గం ఎక్కమంటావా? ఈ వీధిలో అమావాస్యకి నేసేది చచ్చినోళ్ళే."

"ఎక్కకపోతే మనవే ఆ చచ్చినోళ్ళం బాబాయ్. ఇంకో తొమ్మిది నిమిషాల్లో."

"మా తాత ఎక్కలేదు. మా నాన్న పెళ్ళినాడు కూడా..."

"తాతగారూ" అంది సత్యవాణి. "లోపలున్నది సాయి డబ్బా. వాడు రాసిన మాట ఇంకా దాని మీదే ఉంది."

దూరంగా లారీ గేరు మార్చిన చప్పుడు.

"మన సాయిదా?" అన్నాడు వీరబ్రహ్మం. "నా మగ్గం కింద మేకు గుచ్చి, గీత చూసి, 'తాతా, మీకు ఎడంకాలు నొప్పి కదండీ' అన్నాడు. నా పెళ్ళానిక్కూడా తెలీదా నొప్పి." అరుగు దిగిన చప్పుడు. "ఎవరు ముందెక్కాలమ్మా?"

"ఆ డబ్బాకి అందరికంటే దూరపు ఇంటివాళ్ళు. మెల్లగా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. పరిగెత్తకుండా వెళ్ళండి."

"లక్ష్మీదుర్గా, నువ్వు ముందెక్కమ్మా. తప్పు నాదని దణ్ణం పెట్టుకుని ఎక్కు. నీకేం అంటదు."

గంగాధర్ అరిచేతులు నేలకి ఆనించాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మట్టిలోంచి, ఎక్కడో లోతుల్లోంచి వచ్చినట్టు, మెత్తగా ఒక తట్టు. ఇంకొకటి. అంకె 1.0 నుంచి 2.6కి లేచింది. మెల్లగా మళ్ళీ దిగింది.

"రెండోది" అంది సత్యవాణి.

3.1. దిగింది. మూడోది, నాలుగోది. ఒకరి కాలు బరువు, ఒకరిది తేలిక. ఒకరు దారం తెగి ఆగారు, ముడేసుకుని మళ్ళీ ఎత్తుకున్నారు. మోటారుకి అది చేతకాదు. బతికున్న మగ్గం అలాగే ఆగి ఆగి నడుస్తుంది. ఇరవై ఏళ్ళుగా అతను ఏ ఊరి హోటల్ గదిలో పడుకున్నా, చెవి దిండుకి ఆనిస్తే వినపడే చప్పుడు ఇదే. దానికి భయపడి రేడియో పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆ చప్పుడే తన చుట్టూ కోట కడుతోంది.

పన్నెండు మగ్గాలు. పదిహేడు. పైన వేలాడే పడుగు పోగులు ఆ అదురుకి వణకడం మొదలెట్టాయి. అతని భుజానికి ఒక పోగు మెత్తగా తగిలింది, ఎవరో వేలితో ముట్టుకున్నట్టు. గంగాధర్ వెనక్కి తిరగలేదు. తిరిగి చూడాలని ఉంది. తిరిగితే ఎవరూ ఉండరని తెలుసు, ఆ లేకపోవడాన్నే చూడలేడు.

"పిన్నీ" అన్నాడు పెదాలు కదలకుండా. "అప్పుడు నిమిషం అన్నాను. రాలేదు. తప్పు నాదే."

ఇరవై నాలుగు. ఇరవై ఐదు. చివరికి పక్కింట్లోంచి, ఎడంకాలు కాస్త ఆలస్యంగా పడుతున్న బరువైన అదురు. వీరబ్రహ్మం ఎక్కాడు. అంకె 4.2 అయి, 1.3కి వచ్చి నిలబడింది.

లారీ గోడ పక్కన ఆగింది. వెనక డోరు గొలుసు జారిన చప్పుడు. హైడ్రాలిక్ మూలుగు.

బండరాళ్ళు పడ్డాయి.

నేల ఎగిరిపడింది. గోడనుంచి సున్నం పెళ్ళలు రాలాయి. అంకె 3, 5, 6.4, 7.2 అని లేచింది. గంగాధర్ కళ్ళు మూసుకోలేదు. 7.7. 7.9. వీధి మొత్తం మీద ఒక్క మగ్గం కూడా తడబడలేదు. 7.9 దగ్గర అంకె ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది.

7.1. 5.0. 2.8.

"గంగాధర్ గారూ?" సత్యవాణి. "గంగాధర్ గారూ, ఉన్నారా?"

"ఉన్నానండి" అన్నాడు. "మగ్గాలు ఆపొద్దని చెప్పండి. స్క్వాడ్ వచ్చేదాకా ఆపొద్దు."

*

స్క్వాడ్ వచ్చి వైరు విప్పేసరికి పన్నెండుంపావు దాటింది. అప్పటిదాకా వీధి వీధంతా నేస్తూనే ఉంది.

హారతి ఎక్కువ దూరం పోలేదు. ఇంత తెలివిగల మనిషి లారీని రోడ్డుకి అడ్డంగా ఆపించి రాళ్ళు దిమ్మరించింది. ఇక తనకి వెనక్కి ఊరి మీదుగా పోయే దారి లేదు. ముందు బీచ్ రోడ్డు ఉంది కదా అని కారు అటే పోనిచ్చింది. అమావాస్య పోటుకి సముద్రం ఆ రోడ్డు మీదకి ఎక్కుతుందని ఆ ఒడ్డున నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు. కారు సగం మునిగింది. చేపలమ్మే ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగి ఆమెనీ, ఆమె వెనకున్న ఇద్దరు తెల్లమనుషుల్నీ రెక్కలు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చారు. లారీ డ్రైవర్ అప్పటికే స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు.

నీటిరంగు చీరలోంచి నీళ్ళు కారుతుంటే హారతి, రాజమహేంద్రవరం నుంచి అప్పుడే వచ్చి దిగిన చంద్రరావు గారి వైపు కాదు, అచ్చాయమ్మ వైపు చూసింది. "మీ ఊళ్ళో అమావాస్యకి ఇన్ని పనులా?"

"అంతేనమ్మా మా ఊళ్ళో" అంది అచ్చాయమ్మ చీర చెంగు పిండుకుంటూ. "నెల్నెల్లా వత్తది. అడిగితే చెప్పేవోళ్ళం కదా."

"ఆ కుర్రాడు తలుపు తట్టినప్పుడు తీసింది ఎవరు?" అన్నాడు గంగాధర్.

హారతి నవ్వలేదు. మొదటిసారి ఆమె మొహంలో వయసు కనిపించింది. "నేనే. మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను." జీపు ఎక్కేదాకా చివరింటి గుమ్మం కేసి చూడకుండా తల తిప్పుకునే ఉంది.

సాయంత్రం నేతవీధి వాళ్ళంతా ఆ గంటసేపట్లో నేసిన గుడ్డని మగ్గాల మీంచి కోశారు. జానెడు, జానెడున్నర. ఎర్రదీ, పచ్చదీ, నెమలికంఠం రంగుదీ. అమావాస్య నాడు నేసింది బతికున్నవాళ్ళు కట్టకూడదట. అన్నిటినీ ఒక పళ్ళెంలో పెట్టి బండరాళ్ళ దగ్గరికి తెచ్చారు. దుర్గాసాయి దొరికిన చోటుకే.

వీరబ్రహ్మం పళ్ళెం గంగాధర్ చేతికిచ్చాడు. "నువ్వు వెయ్యి. నేయించింది నువ్వే కదా."

గంగాధర్ ఒక్కొక్క ముక్కే నీళ్ళలో వదిలాడు. సగం దుర్గాసాయి పేరు చెప్పి వదిలాడు. మిగతా సగం ఎవరి పేరు మనసులో తలుచుకుని వదిలాడో పక్కనున్న అచ్చాయమ్మకి అర్థమైంది గానీ, ఆమె జన్మలో మొదటిసారి ఏమీ అనలేదు. ఇంటికెళ్ళే దారిలో మాత్రం అంది. "ఆ మీసం పారెయ్‌రా. రేపు కూడా ఉంటావు కదా, మొకం చూసుకోవద్దా?"

"ఉంటానత్తా" అన్నాడు. రాజమహేంద్రవరం నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చినా ఎత్తలేదు.

మూణ్ణెల్ల తర్వాత సత్యవాణి అతనికి ఫోన్ చేసింది. దుర్గాసాయి పేరూ తన పేరూ కలిపి పేపర్ రాసి, యూనివర్సిటీలో గైడు గారికి పెట్టిందట. అమావాస్య రోజు రికార్డు మీద ఆయన ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన ఇలా రాశారట. 'ఇది పనికిరాదు. మనుషుల చప్పుడు మరీ ఎక్కువగా ఉంది. ఫీల్డులో ఇంత అజాగ్రత్త అయితే ఎలా?'

"మరి మీరేమన్నారండి?" అన్నాడు గంగాధర్.

జరిగింది చెప్పడానికి లేదు. అది దేశ రహస్యం, సంతకం కూడా పెట్టింది. అందుకని సత్యవాణి బుద్ధిగా కింద ఇలా రాసిచ్చిందట: 'సారీ సర్. ఆ రోజు ఎవర్నీ ఆపలేకపోయాను.'